అడిగి దిగాల్సిన రేవు

నలభై ఏళ్లపాటు మాకెరెతా తన ఊరి రేవా నదిలో నడుముదాకా దిగి, కాలివేళ్లతో బురద తడిమి ఆల్చిప్పలు ఏరింది. గట్టు మీద నిలబడ్డా ఆ వేళ్లు ఊరుకోవు, నేలలో ఏదో వెతుకుతూనే ఉంటాయి. ఇప్పుడా గట్టు మీద పార్కు వెలిసింది. పచ్చిక, బెంచీలు, చక్రాల కుర్చీలకు నున్నటి సిమెంటు బాట, నీటి అంచున ఇనుప కటకటాలు. గోడ మీద ఆల్చిప్పలు ఏరే ఆడమనిషి బొమ్మ, కింద ‘ఈ నది అందరిదీ’ అన్న రాత.

“నీళ్లలోకి దిగడం కుదరదు పెద్దమ్మా,” అన్నాడు పార్కు కాపలాదారు వైసాలె. ఆమె కొబ్బరిపాలలో వండి పెట్టిన ఆల్చిప్పలు తిని పెరిగినవాడే.

మర్నాడు ఆమె యంగోనా మొక్క వేర్ల కట్ట తెచ్చింది. పరాయి ఊరికి వెళ్లినవాళ్లు అక్కడివాళ్ల ముందు పెట్టి అనుమతి అడిగే కట్ట అది. బాట మీద చతికిలబడి దాన్ని అతని బూట్ల ముందు పెట్టింది.

“ఇదేంటి పెద్దమ్మా! నువ్వేమన్నా పరాయిదానివా?”

“ఆ సంగతి తమరే చెప్పాలి బాబూ. మీ ఊరొచ్చాను. కాళ్లు తడుపుకోనిస్తారా?”

చప్పట్లు చరిచి కట్ట అందుకుంటే ఒప్పుకున్నట్టే. వైసాలె చేతులు దగ్గరికి తెచ్చాడు. స్తంభం మీది కెమెరా వైపు ఓసారి చూసి, ఆ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. మాకెరెతా లేవలేదు. ఆమె కాలివేళ్లు సిమెంటును తడుముతూనే ఉన్నాయి.