డెల్మర్ ట్రైలరుకు తూర్పున అరవై అంగలు

అమర్గోసా లోయలో ముప్పై ఏళ్లు ఇంటింటికీ ఉత్తరాలు పంచిన ఆర్ఫా నా పక్కింటి మనిషే. ఎడారి మధ్య ఊటలున్న మా చిత్తడి నేలలో ఏ కొత్త మొక్క కనబడినా బండి ఆపేది. దాన్ని పాత పేపర్లో పరిచి, ఉత్తరాల సంచీ కింద పెట్టి, సంచీ మీద తను కూర్చునేది. సాయంత్రానికి మొక్కా అణిగేది, మా ఉత్తరాలూ అణిగేవి. ఆరిన మొక్కలను విశ్వవిద్యాలయం హెర్బేరియానికి పంపేది. అక్కడ వాటిని అట్టలకు అంటించి, దొరికిన చోటు రాసి దాచేవారు.

ఈ వసంతంలో ఈ ఊటలను కాపాడే అభయారణ్యం ఆఫీసు నుంచి మరీసా అనే అమ్మాయి వచ్చింది.

"ఆర్ఫా గారూ, యాభై ఏళ్ల కిందట చవుడు నేలలో దొరికిందని ఒక మొక్క పంపారు కదా, అది మళ్లీ ఎవరికీ కనబడలేదండీ. ఈ నెలాఖరుకి దొరక్కపోతే ఆ నమోదును పొరపాటని కొట్టేస్తారట. చోటేమో 'డెల్మర్ ట్రైలరుకు తూర్పున అరవై అంగలు' అని రాశారు."

"అవును. తప్పేముంది?"

"ఆ ట్రైలరు ఎక్కడుందండీ?"

మా దగ్గర చోట్లన్నీ మేం కాపురముండే ట్రైలర్లతోనే చెప్పుకుంటాం. వాటికి చక్రాలుంటాయన్నది ఎవరికీ గుర్తుండదు. డెల్మర్ తన ఇంటిని నాలుగుసార్లు లాక్కెళ్లాడు. ఐదోసారి దాన్ని వదిలేసి తానొక్కడే శ్మశానానికి వెళ్లాడు.

ఆర్ఫా మొహం పాలిపోయింది. "నేను అబద్ధం రాయలేదే," అంది నాతో. "మొక్కను చూశాను. చోటే మరిచిపోయాను."

"నువ్వు ఉత్తరం ఇచ్చేసి పోయేదానివి. నేనైతే ఏం వండారో కూడా కనుక్కొచ్చేదాన్ని. ఆ ఏడాది డెల్మర్ భార్య ఐవా, గిన్నెలు కడిగిన నీళ్లు ట్రైలరు మెట్ల పక్కన దానిమ్మకు పోసేది. చెట్టుకు చక్రాల్లేవుగా, అక్కడే ఉంటుంది. పొద్దున్నే పోదాం, లే."

మర్నాడు మరీసాను వెంటబెట్టుకుని వెళ్లేసరికి చవుడంతా తెల్లగా ఉంది. ఊటల మీంచి లేచిన ఆవిరిలో నేల ఎక్కడ ఆగిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఇల్లు లేని చోట దానిమ్మ ఒక్కటే, ఇంకా నీళ్లు పోసే చెయ్యి కోసం చూస్తున్నట్టు నిలబడి ఉంది. ఆర్ఫా లెక్కపెట్టుకుంటూ తూర్పుకు నడిచింది. అరవై. ఏమీ లేదు.

"అవి అప్పటి కాళ్లు కావే," అన్నాను. "ఇప్పుడు బాతులా నడుస్తున్నావు. ఇంకో ముప్పై అంగలు వెయ్యి."

"నోర్ముయ్," అంటూనే వేసింది. ఎనభై ఏడో అంగ దగ్గర ఆగి, మెల్లగా ఆ ఉప్పు పెచ్చు మీదికి ఒరిగి పడుకుంది. మేం హడలిపోయి పరుగెత్తాం. ఆమె చెంపకు బెత్తెడు దూరంలో గోరులో సగం లేని గులాబీ రంగు పూలు.

"చోటు ఈ జీపీఎస్ యంత్రంలో అంకెలుగా వచ్చేసిందండీ," అంది మరీసా, గొంతు తగ్గించి.

"అవీ రాసుకో తల్లీ," అంది ఆర్ఫా లేవకుండానే. "ముందు మాత్రం ఐవా దానిమ్మ అని రాయి."