చేతికివ్వని కత్తి

"ఆ మడత కత్తి ఎలా పనిచేస్తుందండీ, కొనుక్కోవచ్చా?" అని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. కారుతో సహా కాలవలో పడి బతికి బయటపడ్డవాణ్ణి కాబట్టి, ఈ విషయంలో నా మాటకి ఎక్కడలేని విలువా వచ్చిపడింది. కత్తి మంచిదే. నిక్షేపంగా కొనుక్కోవచ్చు. మిగతాది మాత్రం అడిగినవాళ్లకి చెప్పను.

నేను పుట్టు పిరికివాణ్ణి. ఎరువుల కొట్టు నాది. ఆ పనిమీద వారంలో సగం రోజులు పాత కారు వేసుకుని కాలవ గట్ల వెంబడి ఊళ్లు తిరిగేవాణ్ణి. మా వైపు రోడ్డంటే ఒక పక్క కాలవ, ఇంకో పక్క చేను. కాలవలకి నీళ్లు వదిలిన రోజుల్లో ఎదురుగా లారీ వస్తే నా అరచేతులు చెమటతో స్టీరింగుకి అతుక్కుపోయేవి. ఒకసారి కాలవలోంచి ఒక కారుని క్రేనుతో పైకి లాగుతుంటే చూశాను. నీళ్లన్నీ కారిపోయాక చూస్తే నాలుగు అద్దాలూ ఎత్తే ఉన్నాయి. లోపలివాళ్లు ఎవరూ కనీసం అద్దం దించలేకపోయారన్నమాట. ఆ అద్దాలు నా కళ్లముందు నుంచి పోలేదు.

ఆ తరవాతే కాకినాడలో ఓడల సామాను అమ్మే ఒక కొట్లో ఈ కత్తి కొన్నాను. ఎంత పెట్టానో మా ఆవిడకి ఇప్పటికీ తెలియదు, తెలిస్తే నన్ను మళ్లీ కాలవలో తోస్తుంది. బొటనవేలితో నెడితే ఒంటిచేత్తో తెరుచుకుంటుంది. తెరుచుకున్నాక తాళం పడి, దానంతటది మూసుకోదు. అలుగు, అంటే కోసే రేకు, సగం నున్నగా, సగం రంపప్పళ్లతో ఉంటుంది. పిడి చివర అద్దం పగలగొట్టడానికి గట్టి మొన ఉంది. లోపాలూ లేకపోలేదు. బరువెక్కువ, రెండు ప్యాంట్ల జేబులు చింపింది. నిమ్మకాయ కోసి తుడవకపోతే మర్నాటికల్లా మచ్చలు. మా గాలికి కీలు దగ్గర తుప్పు పడుతుంది, కొబ్బరినూనె చుక్క వేస్తూ ఉండాలి.

మా ఆవిడ మాత్రం ఏడిపించేది. "కాలవలో పడబోయేముందు తీస్తారా, పడ్డాక తీస్తారా?" అనేది. ఆ రోజుల్లో బెల్టు పెట్టుకుని కారు నడిపేవాణ్ణి చూసి జనం నవ్వేవారు. నేను పెట్టుకోవడమే కాకుండా, పక్కన కూర్చున్నందుకు ఆవిడ చేతా బలవంతాన పెట్టించేవాణ్ణి. చీర నలిగిపోతోందని గొణిగేది. నేను వినేవాణ్ణి కాదు.

అది శ్రావణమాసం. పెనుగొండ అమ్మవారి దర్శనానికి మా అమ్మనీ, మా ఆవిడనీ తీసుకెళ్లాను. బయలుదేరేముందే అత్తాకోడళ్లకి మాటా మాటా వచ్చింది. ముందురోజు పేరంటంలో, పదిమంది ఆడవాళ్ల ముందు, "మా కోడలికి ఇంకా చెయ్యి తిరగలేదమ్మా, బూరెలన్నీ నూనెలో విచ్చిపోయాయి" అంది మా అమ్మ. మా ఆవిడ ఆ మాట మనసులో పెట్టుకుని పొద్దున్న కాఫీ గ్లాసు కాస్త గట్టిగా బల్లమీద పెట్టింది. మా అమ్మ, "ఈ ఇంట్లో నేనేం మాట్లాడినా తప్పే" అని మొహం తిప్పుకుంది. రోజూ ఉండేవే. సాయంత్రానికల్లా ఇద్దరూ కలిసి టీవీ చూస్తారులే అనుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు దారిలో జామకాయలు కొన్నాం. వెనక సీట్లో కూర్చున్న అమ్మ, "నీ కత్తి ఇలా పడెయ్యరా" అంది. జేబులోంచి తీసి వెనక్కి, ఆవిడ పక్కన సీటుమీద పడేశాను. కాయలు కోసి ముక్కలు ముందుకి అందించింది. మా ఆవిడ ఒక ముక్క తీసుకుంది, వెనక్కి మాత్రం తిరగలేదు.

వాన వెలిసి గట్టంతా జిగురుగా ఉంది. ఎదురుగా గడ్డి ట్రాక్టరు రోడ్డంతా ఆక్రమించుకుని వస్తోంది. దారిద్దామని ఎడమకి తీశాను. ఎడమ చక్రం కింద మట్టి జారింది. నేను బ్రేకు తొక్కుతూనే ఉన్నాను, కారు మెల్లగా, ఏ తొందరా లేనట్టు, ముక్కు వంచి కాలవలోకి దిగింది.

మా ఆవిడ వైపు కిందికి వాలింది, నా వైపు పైకి లేచింది. ఎర్రటి నీళ్లు ముందు ఆవిడ కాళ్లమీదికి, వెంటనే ఒళ్లోకి వచ్చాయి. నా బెల్టు ఊడింది. ఆవిడది ఊడలేదు. ఒంటి బరువంతా దానిమీదే పడి బిగిసిపోయింది. నీళ్లలో చెయ్యి పెట్టి మీట నొక్కాను, మళ్లీ నొక్కాను. కదల్లేదు. "ఏవండీ, రావట్లేదండీ" అంటోంది. అరవలేదు. ఆ మెల్లటి గొంతుకే నాకు ప్రాణాలు పోయాయి.

"అమ్మా, కత్తి!" అని వెనక్కి చెయ్యి చాచాను.

అమ్మ చేతిలో తెరిచిన కత్తి ఉంది. ముందుకి వంగింది. నా వేళ్లకి జానెడు దూరంలోకి తెచ్చింది. తెచ్చి, నా చేతిలో పెట్టలేదు. రెండు సీట్ల మధ్య, గేరు పక్కన, కింద పెట్టింది.

మా ఇళ్లల్లో కత్తి చేతికి చేతికి ఇవ్వరు. ఇస్తే ఆ ఇద్దరికీ పడదంటారు. ఎవరైనా అడిగితే కింద పెడతారు, అవతలివాళ్లు తీసుకుంటారు. చిన్నప్పటి నుంచి నా చేతికి అమ్మ కత్తిపీట ఇచ్చి ఎరగదు, కత్తెర ఇచ్చి ఎరగదు. నేనూ ఇందాక సీటుమీదే కదా పడేసింది. కాకపోతే ఇప్పుడు సీట్లు వాలి ఉన్నాయి. కత్తి అక్కడ ఒక్క క్షణం ఆగి, జారి, మా ఆవిడ కాళ్ల దగ్గర నీళ్లలో మునిగిపోయింది.

"చేతికియ్యాలి కదమ్మా!" అని ఏం అరిచానో, ఎలా అరిచానో. మా ఆవిడ తల తిప్పి మా అమ్మని చూసింది. నీళ్లు ఆవిడ రొమ్ముదాకా వచ్చాయి.

బురదలో, చీర కుచ్చెళ్ల మధ్య వెతికాను. చెప్పు తగిలింది, జామకాయ తగిలింది. నీళ్లు ఆవిడ గడ్డానికి ముట్టాయి. మెడ పైకెత్తి, పెదాలు బిగించి, నావంకే చూస్తోంది. అప్పుడు అరచేతిలో చురుక్కుమంది. కత్తి దొరికింది, అలుగు వైపు నుంచి. నెత్తురూ నీళ్లూ కలిసిన చేత్తోనే రంపప్పళ్ల వైపు బెల్టుకి ఆనించి లాగాను. అరటాకు ఈనె తెగినట్టు తెగింది. అదిగో, అందుకే కత్తి మంచిదంటాను. ట్రాక్టరువాళ్లు పైనున్న వెనక తలుపు తీసి ముందు అమ్మనీ, ఆ వెనక మా ఆవిడనీ, నన్నూ లాగారు.

అరచేతికి కుట్లు పడ్డాయి. కట్టు మారుస్తూ ఒకరోజు మా ఆవిడ అడిగింది.

"అత్తయ్యగారు అక్కడెందుకు పెట్టారండీ?"

"అలవాటు కదా. మీ పుట్టింట్లో మాత్రం చేతికిస్తారా ఏంటి?"

"ఇవ్వరండీ. మా అమ్మయినా అలాగే పెట్టేదేమో." కట్టు ముడి వేస్తూ అంది. "అయినా ఆ పొద్దున్నే మాటా మాటా వచ్చింది కదా అని..."

"నోర్ముయ్!" అన్నాను. అంత కోపం ఎందుకొచ్చిందో నాకు తెలుసు. ఆ మాట అప్పటికే నా మనసులోకి వచ్చింది. భయమేసి తోసేశాను.

ఆ తరవాత నాకు కాలవంటే భయం తగ్గింది. ఇల్లంటే భయం మొదలైంది. వాళ్లిద్దరూ గొడవపడటం మానేశారు. "మీరు కూర్చోండి అత్తయ్యగారూ" అని ఈవిడ, "నువ్వు తిన్నావా అమ్మా" అని ఆవిడ. వంటింట్లోంచి గిన్నెల చప్పుడు తప్ప ఇంకేం వినపడకపోతే, కొట్టుకి వెళ్లబోయేవాణ్ణి గుమ్మంలోనే ఆగిపోయేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం అమ్మ పెరటి వసారాలో గోంగూర ఆకు దూస్తోంది. మా ఆవిడ ఇంట్లో లేదు. నన్ను దగ్గరికి పిలిచింది.

"అమ్మాయి నీతో ఏమన్నా అందిరా, ఆ రోజు సంగతి?"

"ఏమీ అనలేదమ్మా."

ఆకు దూయడం ఆపేసింది. "అలవాటు కొద్దీ పెట్టాననే అనుకుంటున్నావా?"

"మరింకేంటమ్మా?"

"నేనూ అదే అనుకుంటున్నానురా. అలవాటే అయ్యుంటుంది. కానీ ఆ రోజు పొద్దున్నంతా దానిమీద కోపంతోనే ఉన్నాను. ఆ క్షణాన నా మనసులో ఏముందో ఎంత వెతుక్కున్నా నాకు గుర్తు రావట్లేదు. నిద్ర పట్టట్లేదు." అమ్మ ఒళ్లోని కాడలు పక్కకి నెట్టింది. "నువ్వు వెనక్కి తిరిగే ఉన్నావు కదా. నా మొహం చూశావు కదా. చెప్పరా, ఎలా ఉంది?"

"చూశానమ్మా. కంగారు తప్ప ఇంకేం లేదు" అన్నాను.

అమ్మ కళ్లు తుడుచుకుని మళ్లీ ఆకు దూయడం మొదలెట్టింది. ఆ రోజు నేను ఆవిడ మొహం చూడలేదు. కత్తినే చూస్తున్నాను.