జీవమ్మ చేయించిన పొడుగు మంచం

జీవమ్మ నంద్యాల స్టేషన్లో దిగింది 1954 మార్చిలో. చేతిలో ఒక ట్రంకుపెట్టె, ఒక చుట్టిన చాప, మొగుడు రాసిచ్చిన ఒక కాగితం. అప్పటికి ముప్పై ఏళ్లు ఉంటాయేమో, ఈ దేశాన్ని చూడటం మాత్రం అదే మొదలు. వాళ్ల నాయన గోస్పాడు నుంచి బర్మాకు కూలికి పోయి అక్కడే స్థిరపడ్డాడు. ఈమె రంగూన్లో పుట్టి, అక్కడే చదువుకుని, అక్కడి తెలుగు బడిలో పంతులమ్మ అయింది. మాట మాత్రం గోస్పాడు మాటే, అదీ మా అవ్వల కాలం నాటిది. ఆమె నోరు తెరిస్తే బడిలో పిల్లలు నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు.

నేనూ అదే బడిలో పంతులమ్మను. ఒకే మిద్దెలో పక్కపక్క వాటాల్లో అద్దెకుండేవాళ్లం. మధ్యలో ఒకటే గోడ, వెనక ఒకటే బావి. ఆమె సంగతి నాకు తెలిసినంతగా నంద్యాలలో ఇంకెవరికీ తెలియదు. అందులో నా తప్పు కూడా ఒకటి ఉంది, దాన్నీ దాచను.

ఆమె మొగుడు సుందరరాజు రంగూన్లో ఒక బియ్యం మిల్లులో గుమాస్తా. మనవాళ్లకు అక్కడ రోజులు బాగాలేవు, ముందు నువ్వు పోయి ఇల్లు అమర్చిపెట్టు, మూడు నెలల్లో నేనూ ఓడెక్కుతాను అని పంపించాడట. ఇంట్లో ఏమేం ఉండాలో ఆ కాగితంలో ఉంది. ఆయన ఆరడుగులు దాటిన మనిషి, కాళ్లు బయటికి రాకుండా మంచం పొడుగ్గా చేయించాలి. దానికి దోమతెర కర్రలు ఉండాలి. టోపీ తగిలించుకోవడానికి ఆయన చెయ్యెత్తులో చిలక్కొయ్య కావాలి. రాసుకోవడానికి మేజా, చేతుల కుర్చీ కావాలి. వంటసామాను మాటే లేదు. దొరగారు అన్నం తినడా అని నేనంటే, అవి నేను చూసుకుంటానులే అని నవ్వింది.

మంచం పని మా చర్చికి వచ్చే వడ్రంగి రాజరత్నానికి అప్పగించాం. వేపకర్రతో, నవ్వారు అల్లకం. అంత పొడుగు మంచం అతనెప్పుడూ చేయలేదు. మొగుడి ఎత్తు చూపించడానికి జీవమ్మ పీటెక్కి గోడమీద బొగ్గుతో గీత గీసింది. చిలక్కొయ్య ఆ గీతకు మూరెడు పైన కొట్టించింది, అది ఆమెకు అందదు. మా వాకిళ్లు పొట్టివి, గది ఇరుకు. మంచం కోళ్లు, పట్టెలు విడివిడిగా తెచ్చి లోపలే బిగించాల్సి వచ్చింది. పట్టెలు కోళ్లలోకి దిగ్గొట్టాక రాజరత్నం నుదురు తుడుచుకుని, ఇది కోస్తే తప్ప మళ్లీ బయటికి రాదమ్మా అన్నాడు. బయటికెందుకు వస్తుంది అంది జీవమ్మ. ముందరి గదంతా మంచమే అయింది. ఈమె మాత్రం వంటింట్లో బండలమీద తన రంగూన్ చాప పరుచుకుని పడుకునేది. కొత్త మంచం మీద ముందు ఆయనే పడుకోవాలట. ఆ ఎండాకాలం బండలు పొద్దుగూకినా చల్లారేవి కావు.

మూడు నెలలు ఆరయ్యాయి. ఉత్తరాలు వస్తున్నాయి, వచ్చే ఓడకు, ఆపై ఓడకు అంటూ. అప్పుడు జీవమ్మకు ఇంకో కోరిక పుట్టింది. రంగూన్లో ప్రతి ఇంటి వాకిలి పక్కనా యజమాని పేరు, ఇల్లు పెట్టిన సంవత్సరం రాసిన పలక ఉంటుందట. ఇక్కడా అలాంటిది ఒకటి కావాలంది. ఇక్కడ పోస్టుమాను వీధి మొదట్లోనే పేరుపెట్టి కేకేస్తాడు, నీ ఇంటికి పలకెందుకు అన్నాను. ఆమె నవ్వలేదు.

"ఆయన ఈ ఊరు కండ్లజూడలేదు గదక్కా. కొత్తచోటికి వస్తాండాడు. వాకిట్లో తన పేరు కనపడితే, ఇది నా ఇల్లే అనుకుంటాడు. లేకుంటే చుట్టం మాదిరి నాల్గు దినాలుండి పోతాడు."

అప్పుడు నాకు ఆమె భయం అర్థమైంది. ఆయన రాడనే అనుమానం ఆమెకు లేదు. వచ్చినవాడికి ఈ ఇల్లు నచ్చదేమోననే ఆమె బెంగ. ఆ మంచం, ఆ మేజా, ఆ అందని చిలక్కొయ్య, అన్నీ ఆ బెంగతో చేయించినవే.

చెక్కపలకకు ఇక్కడ చెదలు పడతాయి, రాతిపలక చేయించు అన్నది నేనే. మా చెల్లెలు సువార్తమ్మ ఆళ్లగడ్డలో ఉండేది. ఆళ్లగడ్డలో రాతిపనికి కొదవలేదు. నేను మా చెల్లెలి దగ్గరికి పోతూ జీవమ్మ రాసిచ్చిన చీటీ తీసుకుపోయి, ఓబులేసు అనే శిల్పికి ఇచ్చాను. చీటీలో రెండే ముక్కలు: సుందరరాజు, 1954. మా బడి పంతులమ్మ భర్త పేరు, అక్షరం బాగుండాలి అని చెప్పాను. ఆయన నన్ను జాలిగా చూసి, మీవాళ్ల పని నాకు కొత్త కాదులేమ్మా అన్నాడు. బస్సుకు టైమైందని నేను వచ్చేశాను. ఇంకో మాట చెప్పి ఉంటే సరిపోయేది.

పదిహేను రోజులకు పలక బస్సు మీద వచ్చింది. ఇద్దరు మనుషులు మోసుకొచ్చి వాకిట్లో దించి, గోనెపట్టా విప్పారు. నున్నటి నల్లరాయి. పైన సిలువ. కింద సుందరరాజు అని గుండ్రటి అక్షరాలు. వాటి కింద, "1954లో ప్రభువునందు నిద్రించెను."

వీధిలో నలుగురు చేరారు. ఒకామె ముక్కుమీద వేలేసుకుంది. జీవమ్మ పలకను పైనుంచి కిందిదాకా చదివింది, మళ్లీ చదివింది. ఏడవలేదు.

"రాయి మంచిదే గదా. బోర్లించి బాయికాడ ఎయ్యండప్పా, గుడ్డలు ఉతుక్కుంటా" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఓబులేసును కడిగేద్దామని ఆ ఆదివారమే ఆళ్లగడ్డకు పోయాను. ఆయన ఉలి పక్కన పెట్టి నిదానంగా విన్నాడు.

"నలభై ఏండ్లుగా మీవాళ్ల పలకలు చెక్కుతాండా. బతికుండేవాని పేరు రాయిమీద చెక్కమని ఒక్కరన్నా అడిగినారామ్మా? పాపం పంతులమ్మ అని, ఆ కింది మాట దుడ్లు తీసుకోకుండా నేనే చెక్కినా."

మా సమాధుల తోటలో తప్ప మావాళ్ల పేరు రాతిమీద నేను మాత్రం ఎక్కడ చూశాను? నేను క్రైస్తవురాలినై ఉండి నాకు తట్టనిది ఆయనకెలా తడుతుంది? తిరుగు బస్సులో దారంతా నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ తర్వాత ఉత్తరాలు పలచబడ్డాయి. ఏడాదికి రెండు, ఆపైన ఒకటి. 1957లో ఒక్కటీ లేదు. జీవమ్మ రోజూ మేజా తుడిచేది. ఎవరూ పడుకోని మంచానికి నవ్వారు వదులవుతుందా? ఈమె మాత్రం నెలకోసారి విప్పి బిగించేది. నేను చూసి కూడా చూడనట్టు ఉండేదాన్ని.

1958లో లూదియా అనే ఆమె రంగూన్ నుంచి తిరిగొచ్చి, జీవమ్మను వెతుక్కుంటూ మా మిద్దెకు వచ్చింది. అక్కడ వీళ్ల ఇంటి పక్కనే ఉండేదట. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టింది. తర్వాత చెప్పింది. సుందరరాజు అక్కడ ఒక బర్మా ఆమెతో కాపురం ఉంటున్నాడు. ఇద్దరు పిల్లలు. పెద్దదానికి ఎన్నేళ్లని అడిగింది జీవమ్మ. నాలుగు నిండుతున్నాయంది లూదియా. అంటే 1954. ఓబులేసు చెక్కిన సంవత్సరమే. ఈమెను ఓడెక్కించేటప్పటికే ఆ బిడ్డ కడుపులో ఉండి ఉంటుంది. ఇంటి సామాన్ల కాగితం ఏ మొహంతో రాశాడో ఆ మహానుభావుడు.

లూదియా పోయాక జీవమ్మ నన్ను బావి దగ్గరికి పిలిచింది. ఇద్దరం కలిసి ఆ రాయిని తిరగేశాం, పేరు పైకి వచ్చేట్టు. మరునాటి నుంచి ఆ పేరు మీదే బట్టలు బాదేది. నాకు మొదట సంతోషంగానే ఉండింది. బాదనీ, కడుపుమంట కొంతైనా చల్లారుతుంది అనుకున్నాను. రాతి అక్షరాలు అరుగుతాయా? చీరలే చిరిగాయి. పైగా సబ్బు ఆ గీతల్లో పేరుకుని, నల్లరాయి మీద ఆయన పేరు తెల్లగా, నీళ్లు చేదుకునే అందరికీ కనబడేది.

1960లో జీవమ్మను గడివేముల బడికి పెద్ద పంతులమ్మగా వేశారు. జీతం పెరుగుతుంది, ఉండటానికి ఇల్లిస్తారు, ఈ వీధి నోళ్లూ తప్పుతాయి. నేను దగ్గరుండి ట్రంకుపెట్టె సర్దించాను. మంచం ఒక్కటే మిగిలింది. రాజరత్నాన్ని పిలిపించాను. రంపంతో వచ్చాడు.

"రెండడుగులు కోస్తే సులభంగా వస్తాదమ్మా. నీకు చాలినంత ఉంటాది" అన్నాడు.

రంపం పట్టెమీద ఆనించాడో లేదో, జీవమ్మ వచ్చి మంచం మీద చెయ్యి పెట్టింది. ఆరేళ్లలో దాన్ని తుడవడానికీ బిగించడానికీ తప్ప ఆమె ముట్టుకోవడం నేను చూడలేదు.

"కొయ్యొద్దన్నా. ఆయన పొడుగు మనిషి."

నేను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ రాయి తిరగేసిన దానివి నువ్వేనా అని అడిగాను. రాజరత్నం నా వంక చూశాడు, ఆమె వంక చూశాడు, రంపం గోనెలో చుట్టుకుని వెళ్లిపోయాడు. గడివేములకు వేరే పంతులమ్మను పంపించారు.