తెగిన కట్ట వెనుక చేను

భీమన్న ముత్తాత లచ్చన్న అడవి కొట్టి చేను చేసినవాడు. నైజాం కాలంలో ఒక కరువు సంవత్సరం, భార్య సత్తవ్వతో జగిత్యాలకు ఉత్తరాన అడవి అంచుకు వచ్చాడు. రెండు ఎడ్లలో ఒకటి దారిలో చచ్చింది. కాడికి రెండో వైపు సత్తవ్వ భుజం పెట్టిందని ఇంట్లో చెబుతారు. ఏడు ఎండాకాలాలు మట్టి మోసి, రెండు గుట్టల మధ్య కట్ట వేశారు. కట్ట వెనుక నీళ్లు నిలిచాయి. ఊరు దాన్ని లచ్చన్న కుంట అంది. ఆ ఇంటివాళ్లను కుంటోళ్లు అంది.

కుంట కింద భూమిని కొడుకులకు పంచారు. ఆ కొడుకుల కొడుకులకు పంచారు. భీమన్న తరానికి ఐదుగురు అన్నదమ్ములు. అతను చివరివాడు. అతని భాగంలో నాగలి తిప్పడానికి చోటు లేదు. ఎడ్లు మలుపు తిరిగితే అన్న గట్టు తొక్కేవి. అన్నలు ఏమీ అనేవారు కాదు. అతనికే సిగ్గుగా ఉండేది.

డెబ్బై నాలుగులో బొంబాయిలో ఓడ ఎక్కి మస్కట్‌లో దిగాడు. రోడ్డు కంపెనీలో పని. రాళ్లు ఎత్తాడు, తారు పోశాడు. రోడ్డు ముందుకు జరిగినకొద్దీ మనుషుల గుడారాలూ జరిగాయి. ఏడాదిన్నరకు నిజ్వా పట్నం దాటి, కొండల కింద ఒక ఊరి దగ్గర రోడ్డు ఆగింది. పని అయిపోయిందని, మనుషులను ఇళ్లకు పంపుతారని చెప్పారు.

ఆ ఊళ్లో హుమైద్ అనే ముసలాయనకు ఖర్జూర తోట ఉంది. వయసులో ఉన్నప్పుడు కరాచీ రేవులో పని చేశాడు కాబట్టి ఉర్దూ మాట్లాడతాడు. తోటకు నీళ్లు ఫలజ్ అనే రాతి కాలువలో కొండ నుంచి వస్తాయి. డ్యూటీ దిగాక భీమన్న ఆ కాలువ గట్టున కూర్చునేవాడు. ఒకరోజు కాలువ కారుతుంటే ఎవరూ అడగకుండానే మట్టీ ఖర్జూర పీచూ కలిపి పూడ్చాడు. హుమైద్ చూశాడు. మీ ఊళ్లో ఏం పని చేస్తావని అడిగాడు. నీళ్లు ఆపే ఇంటివాళ్లమని భీమన్న చెప్పాడు.

తోటకు పైన రెండు రాతి గుట్టల మధ్య హుమైద్‌దే ఒక బీడు ఉంది. ఫలజ్ నీళ్లు అంత ఎత్తుకు ఎక్కవు. మేకలు కూడా అక్కడ నిలబడవు. భీమన్న ఆ బీడును చూపించి, ఇక్కడ అడ్డంగా కట్ట వేస్తే చేను అవుతుందన్నాడు. హుమైద్ నవ్వాడు. మర్నాడు మళ్లీ వచ్చి తనే ఒప్పందం చెప్పాడు. కంపెనీతో తను మాట్లాడతాడు. ఎండాకాలం దాకా తిండి తన ఇంట్లో. ఆ నేల మీద గింజ పండితే భీమన్న ఉండిపోవచ్చు. పండినదాంట్లో సగం అతనిది, ఏం విత్తాలో అతని ఇష్టం. పండకపోతే ఓడ ఎక్కాలి.

అతని ఇష్టం అన్న మాట భీమన్న ఉర్దూలో ఒకటికి రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నాడు.

రెండు నెలలు రాయి మోశాడు. రాళ్ల మధ్య మట్టి కూరి, తడిపి, కాళ్లతో తొక్కాడు. కోరుట్ల మనిషి ఖమరుద్దీన్ నిజ్వా దారిలో లారీ నడిపేవాడు. వచ్చినప్పుడల్లా బండి ఆపి, నీడలో కూర్చుని చూసేవాడు.

"నీళ్లు లేని కాడ కట్ట కడుతున్నవ్ భీమన్నా. బర్రెను కొనకముందే పాలగిన్నె తోమినట్టున్నది."

"తోమిన గిన్నె జూసన్న బర్రె వస్తదేమో ఖమర్ భాయ్."

కట్ట నడుము ఎత్తుకు లేచింది. ఎక్కువైన నీళ్లు పోవడానికి ఒక పక్కన రెండు మూరల మత్తడి వదిలాడు. ఇంటి దగ్గర కుంటకూ రెండు మూరలే. ఆ కొలత దగ్గరే అతను తప్పు లెక్క వేశాడు. వాళ్ల ఊళ్లో వాన ముసురు పట్టి మూడు రోజులు కురుస్తుంది. కుంట నెమ్మదిగా నిండుతుంది. ఇక్కడి వాన సంగతి అతనికి తెలియదు.

జనవరిలో ఒక మధ్యాహ్నం అతని నెత్తిన ఎండ కాస్తూనే ఉంది. దూరంగా కొండ మీద మాత్రం నల్లగా ఉంది. కాసేపటికి పది లారీలు ఒకేసారి వస్తున్నట్టు చప్పుడైంది. ఎర్రటి నీళ్లు వచ్చాయి. ఒక బీడీ కాల్చే సేపట్లో కట్ట నిండింది. మత్తడి చాలలేదు. నీళ్లు కట్ట మీది నుంచి దూకాయి. నడుమ గండి పడింది. మరో బీడీ సేపట్లో అంతా అయిపోయింది.

ఖమరుద్దీన్ లారీ వాగుకు అవతల ఆగిపోయింది. అక్కడి నుంచి అంతా చూశాడు. నీళ్లు తగ్గాక నడిచి వచ్చాడు. ఎగతాళి చేయలేదు. పక్కన కూర్చుని బీడీ ముట్టించి ఇచ్చాడు.

"మనూళ్లె కట్ట తెగితె ఊరంత ఏడుస్తది. ఈడ నువ్వొక్కనివే ఏడ్వాలె. కష్టమే. నేను గూడ కూసుంట తియ్."

మర్నాడు ఉదయం హుమైద్ కర్ర పట్టుకుని పైకి వచ్చాడు. గండి చూశాడు. కట్ట వెనక్కి నడిచాడు. నాలుగడుగులు వేశాక కర్ర నేలలో దిగిపోయింది. పైకి లాగి పక్కన పొడిచాడు. అక్కడా మోకాలి లోతు దిగింది. భీమన్న లేచి వచ్చాడు. గండికి రెండు వైపులా మిగిలిన కట్ట వెనుక, ఇరవై బారల పొడవున మెత్తటి ఒండ్రు పరుచుకుని ఉంది. కొండ మీది మట్టి. నిన్నటిదాకా అక్కడ రాళ్లే ఉన్నాయి.

"నీళ్లు పోయినయ్. మన్ను ఆగింది" అన్నాడు భీమన్న, తెలుగులోనే.

మట్టి కోసమే కడుతున్నానని ముందే చెబితే నేను నవ్వేవాణ్ణి కాదు కదా అన్నాడు హుమైద్. నీళ్ల కోసమే కట్టానని భీమన్న నిజం చెప్పాడు. ముసలాయన ఈసారి ఇంకా గట్టిగా నవ్వాడు. భీమన్నకూ నవ్వు వచ్చింది.

ఆ వారమే భీమన్న హుమైద్ ఇంట్లో ఉన్న జొన్నలు తెచ్చి విత్తాడు. వాళ్ల ఊరి నల్లరేగడిలో పచ్చజొన్న వాన అడగదు. నేలలో తడి ఉంటే, పైన మంచు పడితే పండుతుంది. ఈ ఒండ్రు కూడా అలాంటిదేనని చేతితో పిసికి చూసుకున్నాడు. గండిని పూడ్చలేదు. కొలిచాడు. ఎనిమిది మూరలు. ఆ కొండకు కావలసిన మత్తడి అంతేనని అర్థమై, దాని అంచులకు రాళ్లు పేర్చాడు. ఫిబ్రవరి చివర మరో వాన పడింది. నీళ్లు వచ్చాయి, చేను తడిపాయి, గండిలోంచి వెళ్లిపోయాయి. ఒక్క మొక్క పడిపోలేదు.

కట్ట తెగిన సంగతి అతను ఇంటికి రాయించాడు. కుంటోళ్ల పేరు చెడగొట్టానని కూడా రాయించాడు. జొన్న మోకాలెత్తు పెరిగాక తల్లి ముత్తవ్వ నుంచి జవాబు వచ్చింది. ఖమరుద్దీన్ లారీ మెట్టు మీద కూర్చుని చదివాడు.

"బిడ్డా, మీ ముత్తాత కట్ట గూడ మూడుసార్లు తెగింది. నాలుగోది నిలిచింది. మగోళ్లు నాలుగోదాని ముచ్చటే చెప్తరు. తెగిన ముచ్చట మా అత్త నాకు చెప్పింది, ఆమెకు సత్తవ్వ చెప్పింది. కట్ట యాడ తెగిందో ఆడనే మత్తడి పెట్టుమన్నది గూడ సత్తవ్వనే. నువ్వు మంచిగ తిను."

ఖమరుద్దీన్ ఉత్తరం మళ్లీ మొదటి నుంచి చదివాడు. భీమన్న ఆపమన్నా ఆపలేదు.

"మీ ఇంట్ల ఆడోళ్లకే తెలివున్నది భీమన్నా. నీకు గూడ జర వచ్చినట్టున్నది."

ఏప్రిల్‌లో కంకులు పాలు పోసుకుని గట్టిపడసాగాయి. ఒక సాయంత్రం భీమన్న పది కంకులు కోసి, నిప్పుల మీద కాల్చి, గుడ్డలో వేసి నలిపాడు. పొట్టు ఊది, ఆకుపచ్చటి ఊసబియ్యం హుమైద్ చేతిలో పోశాడు. ముసలాయన ఇన్నేళ్లూ తన నేల జొన్నను పశువులకు వేశాడు, రొట్టెలకు పిండి విసిరించాడు. ఇలా ఎప్పుడూ తినలేదు. చాలాసేపు నమిలాడు. భీమన్న అతని దవడ వైపే చూస్తూ నిలబడ్డాడు.

"ఇది గింజే" అన్నాడు హుమైద్.

కంపెనీ దగ్గర పెట్టె ఉంటే రేపు లారీలో తెచ్చుకోమన్నాడు. పక్కనే కూర్చుని తింటున్న ఖమరుద్దీన్, తను ఇవాళే వెళ్లి తెస్తానన్నాడు. వెళ్లలేదు, ఇంకో కంకి అందుకున్నాడు.

వచ్చే చలికాలం ఏం వేస్తావని హుమైద్ అడిగాడు. భీమన్న తొందరపడలేదు. చేను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. జొన్నే వేస్తానని, చుట్టూ కంది సాళ్లు పెడతానని చెప్పాడు. తనకు పప్పు ఇష్టం లేదన్నాడు హుమైద్.

"నా సగంల నేను పెట్టుకుంట" అన్నాడు భీమన్న, తెలుగులోనే. ఖమరుద్దీన్ దాన్ని ఉర్దూలో చెప్పాడు. హుమైద్ సరేనని, చేయి చాపాడు. భీమన్న అందులో మరో దోసెడు ఊసబియ్యం పోశాడు.