కుడిచెవి మూసిన ఎర్ర రుమాలు

సోమవారం పొద్దున మట్టెవాడ నుంచి ఫోన్ వచ్చింది. బడిలో మాకు డ్రాయింగ్ చెప్పిన సారు నిద్రలోనే పోయారట.

సారు క్లాసులో ముందు తలకు కట్టినవి గీయించేవారు, కళ్లూ ముక్కూ ఆ తర్వాతే. గొర్లకాపరి రుమాలు, పెళ్లికొడుకు తలపాగ, దుకాణం సేటు టోపీ. "ముఖం దేవుడిచ్చిండు బిడ్డా, తలకు చుట్టింది మనిషి సంపాయించుకున్నది. జర చూసి గియ్యి," అనేవారు.

నేను డిగ్రీలో ఉండగా మా నాయన చనిపోయాడు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీ. ఇంట్లో మిగిలింది ఆధార్ కార్డు మీది ఫొటో ఒక్కటే, ఉత్త తలతో. అది పట్టుకుని, నాయన బొమ్మ వేయించడానికి సారు దగ్గరికి వెళ్లాను.

"తలకు పట్టు తలపాగ పెట్టుండ్రి సార్. చూసినోళ్లు పెద్దమనిషి అనుకోవాలె."

సారు బ్రష్ కింద పెట్టారు. "మీ నాయిన ఏం కట్టేటోడు?"

"ఎర్ర రుమాలు."

"ఎట్ల చుట్టేటోడు?"

నేనెప్పుడూ సరిగా చూసింది లేదు. ఆ రుమాలుతో నాయన బడి గేటు దగ్గరికి వస్తే, స్నేహితులు చూస్తారని ముఖం తిప్పుకునేదాన్ని. ఆ మాటే సారుకు చెప్పేశాను. ఆయన తిట్టలేదు. "రేపు మార్కెట్‌కు పోదాం పా," అన్నారు.

మిర్చి ఘాటుకు తుమ్ముతూనే నాయన జతగాణ్ని వెతికి పట్టుకున్నారు. అతను తన రుమాలు విప్పి, మళ్లీ చుట్టి చూపించాడు. "గిట్ల కుడిచెవి మూసి కట్టేటోడు సారూ. బస్తా కుడి భుజానికే ఎత్తుతుండె. గోనె చెవికి ఒరుసుకుంటదని." సారు అక్కడే నిలబడి నాలుగైదుసార్లు గీసుకున్నారు.

బొమ్మ తెచ్చినరోజు అమ్మ తలుపు దగ్గరే ఆగిపోయింది. కొంగు తలమీదికి లాక్కుని, "వచ్చిండు," అంది. అంతే. ఇప్పుడు మా ఇంటికి వచ్చినవాళ్లు ఆ బొమ్మ చూసి ఎవరని అడిగితే, మా నాయన, హమాలీ అని నేనే ముందుగా చెబుతాను.

సారును సాగనంపే వేళకు నలుగురు హమాలీలు పని మధ్యలోంచి వచ్చారు. వాళ్లెందుకు వచ్చారో నాకు మొదట అర్థం కాలేదు.

"మీ నాయిన బొమ్మ అయినంక గూడ సారు మార్కెట్‌కు వస్తనే ఉండె బిడ్డా," అన్నాడు నాయన జతగాడు. "మా అందరి బొమ్మలు గీసిండు. ఒక్కొక్కల రుమాలు ఒక్కో తీరు. గిది నేనే అని దూరంకెళ్లి చెప్పొచ్చు."

పాడె లేవగానే నలుగురూ రుమాళ్లు విప్పి చంకన పెట్టుకున్నారు. ఎండ తగలని మేర వాళ్ల నొసళ్లు లేతగా ఉన్నాయి. వాటి మీద గుడ్డ మడతల గుర్తులు ఇంకా చెరగలేదు.