అత్తయ్య వేసిన నూనె చుక్కలు

ఒక్క మాటను ఏళ్ల తరబడి గొంతులోనే అదిమిపెట్టి బతుకుతున్నాను. మీకెందుకు చెబుతున్నానో నాకే తెలియదు. ముఖం తెలియని మనిషి దగ్గర సిగ్గు కాస్త తగ్గుతుందేమో.

పుట్టుకతోనే నా ముందు జుట్టులో ఒక పాయ తెల్లగా ఉంది. బాపట్లలో బడికి వెళ్లే రోజుల నుంచీ అమ్మ దానికి నల్లరంగు వేసేది. ఆ సంగతి దాచే పెళ్లి చేశారు. రేపల్లెలో కాపురానికి వచ్చాక గది గడియ పెట్టుకుని నేనే వేసుకునేదాన్ని. మా ఆయనకు కూడా తెలియదు.

పాప పుట్టింది. ఒక కన్ను నలుపు, ఒకటి నీలం. అందరూ మురిసిపోయారు. ఏడాది దాటినా, పిలిస్తే తిరిగి చూడలేదు. మా అత్తయ్య వీధిలో ఏ ఇంట పసిపిల్ల పుట్టినా వెళ్లి నీళ్లు పోసేది. పాపకూ ఆవిడే పోసింది, చెవుల్లో నూనె చుక్కలు వేసింది. ఆ నూనే పిల్ల చెవులు తీసిందని మా ఆడపడుచు అంది. తర్వాత వీధి అంతా అంది.

తెనాలిలో డాక్టరమ్మ పాప కళ్లు, వీపు మీది తెల్లమచ్చ చాలాసేపు చూశారు. మా ఆయన మందుల కోసం బయటికెళ్లారు.

"మీ వాళ్లలో ఎవరికైనా చిన్నప్పటి నుంచే ముందు జుట్టు తెల్లగా ఉందా అమ్మా?"

లేదనబోయి ఆగాను. "నాకేనండి. రంగు వేస్తాను."

"అయితే ఇది మీ నుంచి వచ్చిందే. జుట్టు, మచ్చ, కన్ను, చెవుడు, అన్నీ ఒకే లోపానికి గుర్తులు. మీకు జుట్టుతో ఆగింది, పాపకు చెవుల దాకా వెళ్లింది. నూనెకీ దీనికీ సంబంధం లేదు. ముందు మీ అత్తగారికి చెప్పండి."

చెప్పాలనే అనుకున్నాను. బస్సులో ఆయన అడిగితే, కారణం తెలియదన్నారని నోటికొచ్చింది. అత్తయ్య గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఏంటన్నారమ్మా? నా నూనె వల్లేనన్నారా?"

"ఏమీ చెప్పలేమన్నారు అత్తయ్యా."

ఆవిడ తల వంచుకుని లోపలికి వెళ్లింది. ఆ తర్వాత ఏ పసిబిడ్డనూ కాళ్ల మీద వేసుకోలేదు. కొన్నాళ్లకు పిలిచేవాళ్లూ మానేశారు. చర్చిలో చివరి వరుసలో కూర్చుని, పెదవులు కదుపుతూ ఏడ్చేది. నేను పక్కనే ఉండేదాన్ని. ఏం భయం నాకు? మోసం చేసి పెళ్లి చేశారంటారని, నా పుట్టింటిని తిడతారని. ఆ భయం కోసం ఒక మనిషి చేతులను ఆవిడకే పరాయివి చేశానా? చేశాను.

పోయిన వేసవిలో అత్తయ్య మంచం పట్టింది. పాప చెవులు తడిమి, "క్షమించు తల్లీ," అంది. ఇంటరు చదువుతున్న పాప నావైపు తిరిగి, నానమ్మ ఏంటంటోందని సైగ చేసింది. దీవిస్తోందని చెప్పాను. అప్పుడు కూడా అబద్ధమే. మూడోనాడు అత్తయ్య పోయింది.

ఇప్పుడు చెబితే ఎవరికి ఉపయోగం? నన్ను క్షమించమని ఎవరినీ అడగను. అడగవలసిన మనిషి మట్టిలో ఉంది. అయినా ఒక్కసారైనా ఈ మాట బయటికి రావాలి.

అత్తయ్యా, పాపకు చెవుడు మీ వల్ల రాలేదు. నా వల్ల వచ్చింది. ఆ రోజే నాకు తెలుసు.