జరుపుడు బావ

ఆ సైటు సూపర్‌వైజరుది ఒక్కటే జబ్బు: ఏ వస్తువూ ఉన్నచోట ఉండనివ్వడు. పొద్దున్నే వచ్చి హెల్మెట్ పెట్టుకోకముందే, "ఆ ఇసుక కాస్త ఇటు జరపండ్రా!" అంటాడు. అక్కడే తాపీ పనిచేసే ఆయన బావమరిది "జరుపుడు బావ" అని పేరు పెట్టాడు. ఆ పేరు మాత్రం జరగకుండా అతుక్కుపోయింది.

"నిన్ననే కదా బావా, అటు జరిపించావు?"

"నిన్న గోడ అటుంది, ఇవాళ ఇటొచ్చింది. గోడను జరపలేం కదరా! నడక తగ్గితే పని పెరుగుద్ది."

ఒకసారి యజమాని ఫోను మాట్లాడుతూ లేచాడు. కుర్చీ దారికి అడ్డమని బావ పక్కకు లాగేశాడు. యజమాని ఫోను పెట్టేసి, వెనక్కి చూడకుండా దర్జాగా ఇసుకగుట్టలో కూర్చున్నాడు. బూట్లు దులుపుకునేసరికి మధ్యాహ్నమైంది.

ఇంట్లోనూ అదే వరస. పొయ్యికి దగ్గరగా ఉండాలని చక్కెర డబ్బా తీసేసి ఉప్పు డబ్బా పెట్టాడు. మర్నాడు టీ నోట్లో పోసుకున్న బావమరిదికి కళ్ళు తిరిగాయి.

"ఈ మనిషితో ఎలా వేగేదిరా తమ్ముడూ!" అంది అక్క.

బావ గుటక వేసి, "ఉప్పయితేనేం, అడుగు కదపకుండా పడింది కదా!" అన్నాడు.

ఒకరోజు యజమాని మండిపడుతూ వచ్చాడు. "పని నత్తనడక నడుస్తోంది. ఇటుకలు మోసే ఆ పెద్దమ్మ ఒక్క తట్ట తెచ్చేలోపు మిగతావాళ్ళు రెండు తెస్తున్నారు. రేపట్నుంచి రావద్దని చెప్పు."

పెద్దమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఆ మాట వినగానే బావమరిది చేతిలో తాపీ ఆగిపోయింది.

బావ తల గోక్కున్నాడు. "ఆవిడ నిదానం కాదండీ, ఇటుక దూరం. రేపొక్కరోజు చూడండి."

ఆ సాయంత్రం గేటు దగ్గరున్న ఇటుకలన్నీ, తట్టలు పైకి లాగే గిలక కిందికి జరిగాయి. మిగతావాళ్ళకు దారిలోని గోతి చుట్టూ తిరిగే బాధ లేకుండా దానిమీద అడ్డంగా బల్ల పడింది. మర్నాడు పెద్దమ్మ నిలబడిన చోటే నిలబడి తట్టలు నింపుతుంటే, అవి గాల్లో పైకి వెళ్ళాయి. తాపీవాళ్ళకు చెయ్యి ఖాళీ లేదు. చీకటి పడేలోపు అవ్వాల్సిన గోడ మధ్యాహ్నానికే లేచింది.

"కొత్తవాళ్ళను పెట్టావా?" అన్నాడు యజమాని.

"లేదండీ, ఆ పెద్దమ్మే."

బావమరిదికి అప్పుడు వెలిగింది. ఇన్నాళ్ళూ ఇసుకైనా, నీళ్ళ డ్రమ్మైనా, ఏది జరిగినా ఆవిడ వైపే జరిగింది!

"బావా, ఇదంతా పని కోసమేనా?"

"కాకపోతే? ఆవిడ మోకాళ్ళతో నాకేం పని?" అని బావ మొహం తిప్పుకున్నాడు.

ఇంతలో పెద్దమ్మే వచ్చింది. "నాయనా, ఆ ఇటుకలు మళ్ళీ గేటు దగ్గరికి జరిపించు."

బావ అదిరిపోయాడు. "ఏం పెద్దమ్మా, మళ్ళీ నొప్పా?"

"నొప్పేం లేదు. గేటు దగ్గర కంకర జల్లించే ఇద్దరితో కబుర్లు చెప్పుకునేదాన్ని. ఇక్కడ మాట్లాడదామంటే ఒక్క గిలకే దిక్కు. అదేమో కిర్రుమనడం తప్ప ఏమీ చెప్పదు."

బావ గేటు వైపు చూశాడు, గిలక వైపు చూశాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"ఒరే, ఆ ఇద్దర్నీ కంకరతో సహా ఇటు జరపండ్రా!"